ఒకే గ్రంథం, వేరువేరు తీర్పులు: సంఘంలో స్త్రీ అధికారం గురించిన తగువు ఎక్కడ పుడుతోంది?

సంక్షిప్తంగా: స్త్రీలు సంఘాన్ని నడిపించవచ్చా అన్న ప్రశ్నకు క్రైస్తవ సంఘాలు ఒకదానికొకటి పొసగని జవాబులు ఇస్తున్నాయి. అందరూ చదివేది ఒకే గ్రంథం. తేడా రెండు చోట్ల వస్తోంది. ఏ వాక్యాన్ని ముందు పెట్టుకుని మిగతావాటిని చదువుతారన్నది ఒకటి. అభిషేకం, అంటే ఒకరిని పాస్టరుగానో గురువుగానో నియమించే కర్మ, అసలు ఏమిటని ఆ సంఘం నమ్ముతుందన్నది రెండోది. ఇంట్లో భార్య లోబడటం, సంఘంలో స్త్రీ బోధించటం అనే రెండు వేరు విషయాలను కలిపేయటంతో గందరగోళం ఇంకా పెరుగుతోంది.

2025 అక్టోబరులో ఇంగ్లండ్ (ఆంగ్లికన్) సంఘానికి అత్యున్నత పీఠమైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పదవికి సారా ములల్లీ పేరు ప్రకటించారు. శతాబ్దాల చరిత్ర ఉన్న ఆ పీఠానికి ఒక స్త్రీ పేరు రావటం అదే మొదటిసారి. గాఫ్‌కాన్ పేరుతో ఉన్న సంప్రదాయవాద ఆంగ్లికన్ల కూటమి వెంటనే అభ్యంతరం చెప్పింది. అదే ఏడాది జూన్‌లో అమెరికాలోని సదరన్ బాప్టిస్టులు ఇంకో రకమైన ఓటింగ్ పెట్టుకున్నారు. స్త్రీలను పాస్టర్లుగా పెట్టుకున్న సంఘాలకు తమలో చోటు లేదని నియమావళిలోనే రాయాలన్నది ప్రతిపాదన. దానికి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 2024లోనూ, 2025లోనూ సుమారు 61 శాతం దగ్గరే ఆగిపోయింది.

ఒకచోట అత్యున్నత పీఠం, మరోచోట చిన్న సంఘానికి పాస్టర్ పదవి కూడా వద్దని గట్టి పట్టు. ఇరుపక్షాలూ వాక్యం చూపించే మాట్లాడుతున్నాయి. ఒక పక్షం వాక్యాన్ని వదిలేసిందనీ, ఇంకో పక్షం స్త్రీలను ద్వేషిస్తోందనీ అనుకుంటే ఈ తగువు అర్థం కాదు.

రెండు ప్రశ్నలు, ఒకే మాట

"లోబడటం" అనే మాట కొత్త నిబంధనలో చాలా చోట్ల వస్తుంది. పౌరులు ప్రభుత్వానికి, యౌవనులు పెద్దలకు, విశ్వాసులు నాయకులకు, భార్యలు భర్తలకు లోబడాలని ఉంది. పన్నెండేళ్ల యేసు యెరూషలేము దేవాలయం నుంచి ఇంటికి వచ్చి తల్లిదండ్రులకు లోబడి ఉన్నాడని లూకా రాసిన చోట కూడా గ్రీకులో ఇదే క్రియ. అంటే ఆ మాటలో తక్కువతనం లేదు. ఎవరు ఎవరికి, ఏ విషయంలో, ఎంతవరకు అన్నదే అసలు ప్రశ్న.

ఎఫెసీయులకు 5:22లో తెలుగు బైబిలు "మీ సొంతపురుషులకు లోబడియుండుడి" అంటుంది. "సొంత" అనే మాట గ్రీకులోనూ ఉంది. ఆ వాక్యం చెప్పేది ఒక భార్యకూ ఆమె భర్తకూ మధ్య సంబంధం గురించి. సంఘంలోని స్త్రీలందరూ మగవాళ్లందరికీ లోబడాలని అందులో లేదు. ప్రసంగాల్లో మాత్రం ఈ హద్దు తరచుగా చెరిగిపోతుంది. ఇంటి గురించి చెప్పిన వాక్యంతో సంఘ నాయకత్వాన్ని తేల్చటం, సంఘ ఆరాధన గురించి చెప్పిన వాక్యంతో ఇంట్లో నోరు మూయించటం రెండూ జరుగుతున్నాయి. అందుకే ఈ విషయంలో దేని గురించి మాట్లాడుతున్నామో ముందు విడదీసుకోవాలి.

ప్రస్తుతం ప్రొటెస్టెంట్లలో ఉన్న రెండు ప్రధాన వైఖరుల పేర్లు కూడా కొత్తవే. స్త్రీ పురుషులు విలువలో సమానమే, బాధ్యతలు మాత్రం వేరు, ఇంట్లోనూ సంఘంలోనూ నాయకత్వం పురుషుడిదే అనేవాళ్లు తమ వైఖరిని పరస్పర పూరక వాదం అంటారు. వరాలను బట్టే పరిచర్య, లింగాన్ని బట్టి కాదు అనేవాళ్లది సమానత్వ వాదం. 1980ల చివర్లో అమెరికాలో రెండు పక్షాలూ విడివిడిగా సంస్థలు పెట్టుకుని ప్రకటనలు విడుదల చేశాయి. ఇప్పుడు వినిపించే వాదాల్లో చాలా భాగం అప్పటి నుంచి వస్తున్నవే.

ఎఫెసు పత్రికలో లేని క్రియ

ఎఫెసీయులకు 5:21 తెలుగులో "క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి" అని ముగుస్తుంది. తర్వాతి వచనం భార్యలను పిలిచి మళ్లీ "లోబడియుండుడి" అంటుంది. చాలా బైబిళ్లలో ఈ రెండింటి మధ్య ఒక శీర్షిక కూడా కనిపిస్తుంది. దాంతో 21వ వచనం పైభాగంలోకి, 22వ వచనం కొత్త అంశంలోకి పోతాయి.

అతి పాత గ్రీకు ప్రతుల్లో కొన్నింటిలో 22వ వచనంలో క్రియే లేదు. "భార్యలు తమ సొంత భర్తలకు, ప్రభువుకు వలె" అని మాత్రం ఉంటుంది. క్రియను పై వచనం నుంచి తెచ్చుకోవాలి. అంటే భార్య లోబడటం, విశ్వాసులందరూ ఒకరికొకరు లోబడటంలోంచే మొదలవుతోంది. సమానత్వ వాదులు గట్టిగా పట్టుకునేది ఇక్కడే. పూరక వాదులు దీనికి జవాబు చెబుతారు. "ఒకనికొకడు" అంటే ప్రతివాడూ ప్రతివాడికీ అని కాదు, ఎవరికి ఎవరు లోబడాలో కింద వరసగా చెప్పాడు కదా అని. తల్లిదండ్రులు పిల్లలకు లోబడాలని ఎవరూ అనరు గదా అన్నది వాళ్ల ప్రశ్న. అది తోసిపుచ్చదగ్గ ప్రశ్న కాదు.

ఈ భాగం వరస ఆనాటి శ్రోతలకు పరిచితమే. భార్యాభర్తలు, తండ్రీ పిల్లలు, యజమానీ దాసుడు అనే మూడు జంటలతో ఇంటి పాలనను వివరించటం అరిస్టాటిల్ కాలం నుంచీ ఉంది. ఎఫెసు పత్రిక అదే చట్రాన్ని తీసుకుంది. అయితే అరిస్టాటిల్ ఇంటి యజమానిని ఉద్దేశించి మాట్లాడతాడు, ఏలటం ఎలాగో చెబుతాడు. పత్రిక మొదట భార్యతో, పిల్లలతో, దాసులతో నేరుగా మాట్లాడుతుంది. భార్యకు మూడు వచనాలు చెబితే భర్తకు దాదాపు మూడింతలు చెబుతుంది. భర్తకు "ఏలుము" అనే ఆజ్ఞ ఎక్కడా లేదు. క్రీస్తు తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించమని ఉంది.

తెలుగు అనువాదం ఇక్కడ ఒక తేడాను చక్కగా నిలబెట్టింది. భార్యలకు "లోబడియుండుడి". పిల్లలకు, దాసులకు "విధేయులైయుండుడి". గ్రీకులోనూ ఇవి రెండు వేరు క్రియలు. భార్యకు చెప్పింది పిల్లవాడికి చెప్పిన విధేయత కాదనేవాళ్లు దీన్ని చూపిస్తారు. ఎదుటి పక్షం 1 పేతురు 3:6 తెరుస్తుంది. శారా అబ్రాహామును యజమానుడని పిలిచిందని చెప్పే ఆ వచనంలో గ్రీకు మాట విధేయతకు వాడే మాటే. తెలుగులో మాత్రం అక్కడ "లోబడి" అనే ఉంది.

ఇదే జాబితాలో దాసులు కూడా ఉన్నారన్నది పూరక వాదానికి ఇబ్బంది పెట్టే విషయం. దాస్యాన్ని ఆనాటి సమాజపు ఏర్పాటుగా చూసి వదిలేసిన సంఘాలు, భార్య లోబడటాన్ని మాత్రం శాశ్వతమని ఎలా అంటాయి? దానికి వచ్చే జవాబు ఇది: పెళ్లిని ఈ పత్రికలో పౌలు ఆదికాండం 2వ అధ్యాయంలో, అంటే సృష్టిలోనే నిలబెట్టాడు, దాస్యాన్ని అలా నిలబెట్టలేదు. సృష్టిలో ఉన్నది నిలుస్తుంది, సమాజం తెచ్చింది పోతుంది అన్న సూత్రం మీద ఆ వాదమంతా ఆధారపడి ఉంది.

అందుకే తగువు మళ్లీ ఆదికాండానికి పోతుంది. స్త్రీని "సాటియైన సహాయము" అన్నారు. సహాయం అంటే కింది స్థాయి అని తెలుగు చెవికి అనిపిస్తుంది. కానీ ఆ హెబ్రీ మాట పాత నిబంధనలో ఎక్కువసార్లు వచ్చేది దేవుడి గురించే. "నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును" అన్న 121వ కీర్తనలోని సహాయం అదే. "అతడు నిన్ను ఏలును" అన్న మాట ఆజ్ఞాతిక్రమం తర్వాత, 3:16లో వస్తుంది. అది దేవుడు పెట్టిన క్రమమా, పాపం తెచ్చిన ఫలితమా అన్నదాని మీద రెండు పక్షాలూ విడిపోతాయి. పూరక వాదుల్లో చాలామంది కూడా దాన్ని ఆజ్ఞగా చదవరు. వాళ్లు ఆధారపడేది రెండో అధ్యాయంలో ఆదాము ముందు నిర్మితుడు కావటం మీద.

శిరస్సు

"స్త్రీకి శిరస్సు పురుషుడు" అని 1 కొరింథీయులకు 11:3 అంటుంది. ఇంటికి పెద్ద తలకాయ ఎవరు అని అడిగే భాషలో దీనికి నాయకుడనే అర్థం వెంటనే తడుతుంది. గ్రీకులో ఆ పోలిక అంత తేలిగ్గా పారదు. హెబ్రీలో తల అనే మాట నాయకుడనే అర్థంలో వచ్చినప్పుడు, పాత నిబంధన గ్రీకు అనువాదకులు ఎక్కువగా అధిపతి అనే వేరే మాట వాడారు, తల అని కొన్నిసార్లే రాశారు. దీన్నిబట్టి కొందరు పండితులు శిరస్సు అంటే మూలం అని చదువుతారు, నది పుట్టే చోటు లాగా. ఎఫెసీయులకు 4వ అధ్యాయంలో శిరస్సు నుంచే శరీరమంతా ఎదుగుతుందన్న మాట వాళ్లకు ఆధారం. అదే పత్రిక 1వ అధ్యాయంలో సమస్తమూ పాదాల కింద ఉంచి క్రీస్తును శిరస్సుగా నియమించాడని ఉంది. అక్కడ అధికారం అనే అర్థాన్ని తప్పించుకోవటం కష్టం.

అదే కొరింథు అధ్యాయంలో స్త్రీలు ప్రార్థిస్తున్నారు, ప్రవచిస్తున్నారు. తల ఎలా ఉంచుకోవాలన్నదే చర్చ, మాట్లాడాలా వద్దా అన్నది కాదు. 11:10 తెలుగులో "అధికార సూచన స్త్రీకి తలమీద ఉండవలెను" అని ఉంది. గ్రీకులో "సూచన" అనే మాట లేదు, "అధికారము" మాత్రమే ఉంది. సూచన అని చేర్చగానే ముసుగు పురుషుడి అధికారానికి గుర్తు అవుతుంది. చేర్చకపోతే, స్త్రీకి తన తల మీద తనకే అధికారం ఉండాలని కూడా చదవవచ్చు. అనువాదంలో ఒక్క మాట చేరితే అర్థం ఎటు మొగ్గుతుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

మౌనం ఎవరికి?

మూడు అధ్యాయాల తర్వాత అదే పత్రిక "స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెను" అంటుంది. 11లో ప్రవచించిన స్త్రీ 14లో మౌనంగా ఎలా ఉంటుంది? ఈ చిక్కుకు చాలా జవాబులున్నాయి. వాటిలో బలమైనది ఆ అధ్యాయంలోనే ఉంది. 14:28లో అర్థం చెప్పేవాడు లేకపోతే భాషలతో మాట్లాడేవాడు మౌనంగా ఉండాలి. 14:30లో ఇంకొకరికి బయలుపాటు కలిగితే మాట్లాడుతున్నవాడు మౌనంగా ఉండాలి. 14:34లో స్త్రీలు. మూడు చోట్లా గ్రీకులో ఒకటే క్రియ, తెలుగులోనూ అవే మాటలు. మొదటి రెండూ ఫలానా సందర్భంలో ఆగమని చెప్పేవి. మూడోదాన్ని మాత్రం జీవితాంతపు నిషేధంగా చదవటానికి వేరే కారణం చూపించాలి. పైగా తర్వాతి వచనం నేర్చుకోవాలనుకుంటే ఇంట్లో భర్తలను అడగమంటోంది కాబట్టి, ఆరాధన మధ్యలో అడిగే ప్రశ్నల గురించే ఈ మాట అని చాలామంది చదువుతారు. ప్రవచనాలను వివేచించి తీర్పు చెప్పే పని నుంచి స్త్రీలను ఆపాడు అన్నది పూరక వాదుల వివరణ.

ఇంకో సంగతి కూడా ఉంది. కొన్ని పాత ప్రతుల్లో 34, 35 వచనాలు అధ్యాయం చివర, 40వ వచనం తర్వాత కనిపిస్తాయి. దీన్నిబట్టి ఇవి మొదట అంచున రాసుకున్న మాటలై ఉండవచ్చని కొందరు పండితుల అభిప్రాయం. ఈ రెండు వచనాలు అసలే లేని ప్రతి ఒక్కటీ దొరకలేదు. కాబట్టి ఎక్కువమంది వాటిని పౌలు మాటలుగానే తీసుకుని అర్థం వెతుకుతున్నారు.

అసలు ముడి: తిమోతికి రాసిన ఒక వచనం

మిగతా వాక్యాలన్నీ ఎలా చదివినా, స్త్రీ పాస్టర్ కాకూడదన్న వాదానికి ఆధారం 1 తిమోతికి 2:12. ఉపదేశించటానికైనా, పురుషుడి మీద అధికారం చేయటానికైనా స్త్రీకి "సెలవియ్యను" అంటుంది ఆ వచనం.

"అధికారము చేయుట" అన్నచోట ఉన్న గ్రీకు క్రియ కొత్త నిబంధన మొత్తంలో ఒక్కసారే వస్తుంది. పౌలు పత్రికల్లో అధికారానికి మామూలుగా వచ్చే మాట వేరు. 1 కొరింథీయులకు 7:4లో భర్త దేహం మీద భార్యకు, భార్య దేహం మీద భర్తకు అధికారం ఉందన్నచోట ఆ మామూలు మాటే ఉంది. తెలుగులో రెండు చోట్లా "అధికారము" అనే ఉండటంతో తేడా కనిపించదు. అరుదైన ఈ క్రియను జెరోము పేరుతో ప్రసిద్ధమైన లాటిన్ బైబిలు ఆధిపత్యం చెలాయించటం అనే అర్థంలో అనువదించింది. 1611 నాటి ఇంగ్లిష్ రాజు బైబిలులో (కింగ్ జేమ్స్ బైబిలు) అది అధికారాన్ని లాక్కోవటం అయింది. ఆధునిక అనువాదాలు ఎక్కువగా అధికారం కలిగి ఉండటం అంటున్నాయి. దౌర్జన్యం వద్దన్నాడా, నాయకత్వమే వద్దన్నాడా అన్నది ఈ ఒక్క క్రియ మీద తిరుగుతోంది. అరుదుగా వాడిన మాట కావటంతో నిఘంటువు ఒక్కటే దీన్ని తేల్చలేకపోతోంది.

"మౌనముగా" అన్న మాటదీ అదే కథ. ఇక్కడి గ్రీకు మాట కొరింథు పత్రికలోని నోరు మూసుకోవటం కాదు, నెమ్మదితనం. ఇదే అధ్యాయం 2వ వచనంలో అందరూ నెమ్మదిగా బతకాలి అన్నచోట వచ్చేది దీని సాటి మాటే. తెలుగులో ఒకచోట నెమ్మది, ఇంకోచోట మౌనం అయింది. పైగా 11వ వచనంలోని ఆజ్ఞ "నేర్చుకొనవలెను" అన్నది. స్త్రీ కూర్చుని శిష్యురాలిలా నేర్చుకోవాలనటం ఆ కాలానికి చిన్న మాట కాదు.

ఎఫెసులో తప్పుడు బోధను ఆపటానికే తిమోతిని అక్కడ ఉంచానని ఈ పత్రిక మొదట్లోనే ఉంది. పెళ్లి వద్దనే బోధకుల గురించి 4వ అధ్యాయం చెబుతుంది. కాబట్టి ఇది ఆ ఊరి పరిస్థితికి చెప్పిన మందు అని సమానత్వ వాదుల వివరణ. ఎఫెసులోని అర్తెమి దేవి పూజను కూడా కొందరు కారణంగా చూపిస్తారు కానీ, పత్రికలో అర్తెమి ప్రస్తావనే లేదు కాబట్టి ఆ వాదం బలహీనం. ఎదుటి పక్షానికి ఇక్కడ గట్టి ఆధారం తర్వాతి వచనం. "మొదట ఆదాము" నిర్మితుడయ్యాడు అని కారణం చెప్పాడు. ఊరి గొడవే కారణమైతే సృష్టి దాకా ఎందుకు పోయాడు? ఈ ప్రశ్నకు సమానత్వ వాదం ఇచ్చే జవాబులు ఉన్నాయి కానీ, వాళ్ల వాదంలో ఎక్కువ శ్రమ పడాల్సి వచ్చేది ఇక్కడే. ఈ పత్రికను పౌలు స్వయంగా రాయలేదనే పండితులు చాలామందే ఉన్నారు. గ్రంథంలో ఉన్నదంతా అధికారం గలదే అని నమ్మే సంఘాల్లో ఆ వాదన వల్ల ఏమీ మారదు.

పేర్లు చెప్పే సాక్ష్యం

ఆజ్ఞల నుంచి మనుషుల దగ్గరికి వస్తే చిత్రం వేరుగా ఉంటుంది. దెబోరా ఇశ్రాయేలుకు న్యాయం తీర్చింది. ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు యోషీయా రాజు మనుషులు వెళ్లింది ప్రవక్త్రి హుల్దా దగ్గరికి. పునరుత్థానం వార్త మొదట మోసింది మగ్దలేనే మరియ.

రోమా పత్రిక 16వ అధ్యాయం కేవలం వందనాల జాబితాలా కనిపిస్తుంది. అందులో మొదటి పేరు ఫీబే, కెంక్రేయ సంఘ "పరిచారకురాలు". ఆ గ్రీకు మాటే ఫిలిప్పీ పత్రికలో అధ్యక్షులతో పాటు వచ్చే "పరిచారకులు". రాజు బైబిలులో ఫీబే సేవకురాలు, మగవాళ్లు మాత్రం డీకన్లు. తెలుగు అనువాదకులు అలా విడదీయలేదు. 1 తిమోతికి 3:11లో కూడా రాజు బైబిలు డీకన్ల భార్యలు అంటే, తెలుగు "పరిచర్యచేయు స్త్రీలు" అంటుంది. దీనికి ఇంకో పర్యవసానం ఉంది. అధ్యక్షుడు "ఏకపత్నీ పురుషుడు" కావాలి కాబట్టి స్త్రీ కాకూడదంటారు. అదే అర్హత 3:12లో పరిచారకులకూ చెప్పారు. ఫీబే పరిచారకురాలే అయినప్పుడు, ఆ మాట నమ్మకమైన దాంపత్యం గురించా, లింగం గురించా అన్న ప్రశ్న వస్తుంది.

అదే అధ్యాయంలో అంద్రొనీకుతో పాటు యూనీయ పేరుంది. "వీరు అపొస్తలులలో ప్రసిద్ధికెక్కినవారై" అంటుంది తెలుగు. "వీరు" అన్న మాటలో ఆడా మగా తెలియదు కాబట్టి యూనీయ స్త్రీ అని చాలామంది గమనించరు. నాలుగో శతాబ్దపు ప్రసిద్ధ ప్రసంగీకుడు యోహాను క్రిసోస్తమ్‌కు ఆ సందేహమే లేదు. అపొస్తలురాలు అనే పేరుకు తగినంత జ్ఞానం ఆమెకుందని మెచ్చుకున్నాడు. స్త్రీల అభిషేకాన్ని ఆయన సమర్థించలేదు కూడా, అందుకే ఆ మెప్పుకు విలువ ఎక్కువ. పండితులు వాడే ప్రామాణిక గ్రీకు ముద్రణ మాత్రం 1927లో ఆ పేరును పురుష నామంగా మార్చింది, 1998లో మళ్లీ స్త్రీ నామం చేసింది. ఈ మార్పులకు కారణం కొత్తగా దొరికిన ప్రతులు కాదు. మారింది అక్షరం మీద పెట్టే చిన్న స్వర చిహ్నం మాత్రమే. స్త్రీకి అపొస్తలురాలనే పేరు ఉండదన్న ఊహే ఆమె పేరును పురుష నామంగా మార్చింది. "అపొస్తలులలో" కాదు, "అపొస్తలులకు బాగా తెలిసినవారు" అన్న అనువాదం ఇప్పుడు పూరక వాదుల వైపు నుంచి వస్తోంది.

అపొల్లోకు దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించిన దంపతుల్లో ప్రిస్కిల్ల పేరు ముందు వస్తుంది. కొత్త నిబంధనలో ఆ జంట ఆరుసార్లు కనిపిస్తే నాలుగుసార్లు ఆమె పేరే ముందు. ఇది ఇంట్లో చెప్పింది, సంఘంలో పెద్దగా నిలబడి కాదు అన్నది ఎదుటి పక్షం మాట.

అభిషేకం అంటే ఏమిటన్న దాన్ని బట్టే జవాబు

వాక్యార్థం ఒక్కటే తేల్చేదైతే, ఒకే రకంగా చదివే సంఘాలన్నీ ఒకే నిర్ణయానికి రావాలి. అలా జరగటం లేదు. సంఘం అధికారాన్ని ఎక్కడ చూస్తుందన్నది ఇక్కడ పెద్ద కారణం.

కాథలిక్ సంఘంలో ప్రశ్న బోధించటం గురించి కాదు, దివ్యబలి అర్పించటం గురించి. గురువు క్రీస్తు స్థానంలో నిలబడతాడు, క్రీస్తు పన్నెండుమంది పురుషులనే ఎన్నుకున్నాడు అన్నది ఆధారం. ఆ పన్నెండుమందీ యూదులే కదా, మరి ఆ నియమం ఎందుకు లేదు అని అడిగేవాళ్లున్నారు. 1994లో రెండో జాన్ పాల్ పోపు స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారమే తిరుసభకు లేదని ప్రకటించారు. స్త్రీకి సామర్థ్యం లేదని ఆయన అనలేదు. అందుకే అక్కడ మార్పు వేరే దారిలో వస్తోంది. పరిపాలనను అభిషేకం నుంచి కొంత విడదీస్తున్నారు. 2023లో రోములో జరిగిన సినడ్‌లో, అంటే బిషప్‌ల మహాసభలో, మొదటిసారి స్త్రీలు ఓటు వేశారు. 2025 జనవరిలో సిస్టర్ సిమోనా బ్రాంబిల్లా వాటికన్‌లో ఒక ప్రధాన శాఖకు అధిపతి అయ్యారు. బలిపీఠం ముందు నిలబడే హక్కు మాత్రం మారలేదు.

ఆర్థడాక్స్ సంఘాల్లో సంప్రదాయమే ప్రమాణం, కాబట్టి చర్చ పాత డీకనెస్సుల (స్త్రీ పరిచారకుల) చుట్టూ తిరుగుతుంది. నలభై ఏళ్లు నిండని స్త్రీని డీకనెస్‌గా అభిషేకించవద్దని 451లో కాల్సెడోన్ మహాసభ నియమం పెట్టింది. నియమం పెట్టారంటే ఆ పదవి ఉన్నట్టే. 2024లో అలెగ్జాండ్రియా పాట్రియార్కేట్ పరిధిలో, జింబాబ్వేలో ఒక స్త్రీని డీకనెస్‌గా అభిషేకించారు.

పెంతెకొస్తు సంఘాల్లో వాక్యాన్ని అక్షరాలా తీసుకుంటారు, అయినా మొదటి నుంచీ స్త్రీ బోధకులున్నారు. వాళ్లు ముందు పెట్టుకున్న వాక్యం వేరు: "మీ కుమారులును మీ కుమార్తెలును ప్రవచించెదరు". ఆత్మ ఎవరి మీదకు వస్తే వాళ్లే మాట్లాడతారు. 1923లో ఫోర్‌స్క్వేర్ సంఘాన్ని స్థాపించింది ఎయిమీ సెంపుల్ మెక్‌ఫర్సన్ అనే స్త్రీ. అయితే ఉద్యమం సంస్థగా స్థిరపడి, కమిటీలు, పదవులు వచ్చేకొద్దీ స్త్రీలు వెనక్కి పోవటం ఇలాంటి చాలా ఉద్యమాల్లో కనిపించింది. వరం ఎవరికైనా ఉంటుంది, పదవి మాత్రం పంచేవాళ్ల చేతిలో ఉంటుంది.

బాప్టిస్టుల్లో ఏ సంఘానికి ఆ సంఘమే స్వతంత్రం. పై నుంచి ఆజ్ఞ ఇచ్చే బిషప్ లేడు. సహవాసం నుంచి వెలివేయటం ఒక్కటే చేతిలో ఉన్న ఆయుధం. కాలిఫోర్నియాలోని శాడిల్‌బాక్ సంఘం 2021లో ముగ్గురు స్త్రీలను అభిషేకిస్తే 2023లో దాన్ని బయటికి పంపారు. నియమావళిలో ఒక వాక్యం చేర్చటం కోసం అంత పోరు జరగటానికి కారణం ఇదే.

ముందుకూ వెనక్కూ

ఈ చరిత్ర ఒకే దిశలో సాగలేదు. 1853లో అమెరికాలో ఆంటోనెట్ బ్రౌన్ అభిషేకం పొందారు. ఇంగ్లండ్ సంఘం 1994లో స్త్రీలను గురువులుగా, 2015లో మొదటి స్త్రీని బిషప్‌గా అభిషేకించింది. దక్షిణ ఇండియా సంఘంలో 2013లోనే ఎగ్గోని పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు. మరోవైపు ఆస్ట్రేలియా ప్రెస్బిటేరియన్లు 1974లో ఇచ్చిన అనుమతిని 1991లో వెనక్కి తీసుకున్నారు. 1975లో స్త్రీలను అభిషేకించటం మొదలుపెట్టిన లాత్వియా లూథరన్ సంఘం 2016లో అది పురుషులకే అని రాసుకుంది. సదరన్ బాప్టిస్టు సంఘాల్లో మొదటి స్త్రీ అభిషేకం 1964లో జరిగింది, పాస్టర్ పదవి పురుషులకే అని విశ్వాస ప్రమాణంలో చేర్చింది 2000లో. కాలం గడిస్తే అదే మారుతుందనే అంచనాకు ఈ చరిత్రలో ఆధారం లేదు.

ఇంట్లో పడే ప్రభావం

పదవి గురించిన చర్చ కొద్దిమందిది. లోబడటం గురించిన బోధ ప్రతి ఇంటికీ చేరుతుంది. దెబ్బలు తింటున్న భార్యకు "లోబడి ఉండు, ప్రార్థించు" అని చెప్పి పంపటం ఆ బోధ వల్ల జరిగే అతి పెద్ద హాని. గ్రంథం దానికి ఒప్పుకోదని రెండు పక్షాల పెద్దలూ అంటున్నారు. హింసను సమర్థించటానికి బైబిలును వాడటాన్ని ఖండిస్తూ అమెరికా కాథలిక్ బిషప్‌లు 1992లోనే ప్రకటన చేశారు.

లోబడటానికి హద్దు ఎక్కడన్నది అపొస్తలుల కార్యాలు 5వ అధ్యాయం చాలా దగ్గరగా చూపిస్తుంది. అననీయ పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని అబద్ధం ఆడాడు, అక్కడే పడి చనిపోయాడు. మూడు గంటల తర్వాత, జరిగింది తెలియక, భార్య సప్పీరా లోపలికి వచ్చింది. పేతురు ఆమెను విడిగా అడిగాడు, పొలం ఇంతకే అమ్మారా అని. భర్త చెప్పిన మాటనే ఆమె చెప్పింది. భర్తతో ఏకీభవించటం ఆమెకు రక్షణ కాలేదు, ఆమె కూడా అక్కడే చనిపోయింది. దేవుని ఎదుట ఆమె జవాబు ఆమెదే. దీనికి ఎదురుగా అబీగయీలు ఉంది. భర్త నాబాలుకు చెప్పకుండా దావీదు మనుషులకు ఆహారం పంపి, ఇంటిల్లిపాదినీ కాపాడింది. ఆమెను దావీదు దీవించాడని గ్రంథం రాసింది. భార్య లోబడాలని బోధించే ప్రసంగాల్లో ఎఫెసీయులకు 5వ అధ్యాయంతో పాటు ఈ ఇద్దరి కథలూ చెప్పాలి. అవి వినపడేది తక్కువ.

పని ఒకటి, పేరు ఒకటి

నిషేధం ఉన్న సంఘాల్లోనూ స్త్రీలు చేసే పని తక్కువ కాదు. ఆదివార బడి, ఉపవాస కూటాలు, ఇంటింటి దర్శనాలు, పాస్టరమ్మ పేరుతో నడిచే సలహాలు అన్నీ వాళ్లవే. అనుమతి ఉన్న సంఘాల్లోనూ అభిషేకం పొందిన స్త్రీకి పెద్ద సంఘం అప్పగించటానికి వెనకాడటం ఉంది. కాగితం మీది నియమం ఒకలా, ఆచరణ ఇంకోలా ఉంటాయి. గురువు దశాబ్దాలపాటు రాని అమెజాన్ అడవి గ్రామాల్లో విశ్వాసాన్ని నిలబెట్టింది స్త్రీలేనని ఫ్రాన్సిస్ పోపు 2020లో రాశారు. వారికి గురుపట్టం ఇవ్వటం సరైన దారి కాదని అదే పత్రంలో ఉంది.

ఈ ఎడం ఒకరి జీవితంలో పూర్తిగా కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం హాంకాంగ్‌ను పట్టుకున్నాక, శరణార్థులతో నిండిన మకావులో ఆంగ్లికన్ గురువులు లేరు. అక్కడి సంఘాన్ని చూసుకుంటున్నది ఫ్లారెన్స్ లీ టిమ్-ఓయ్ అనే డీకనెస్. ప్రభు భోజనం ఇచ్చే పని కూడా ఆమె మీదే పడింది. చేస్తున్న పనికి అభిషేకం కూడా ఉండాలని బిషప్ రోనాల్డ్ హాల్ 1944 జనవరి 25న ఆమెను గురువుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘాల్లో అది మొదటిది. యుద్ధం ముగిశాక పైనుంచి ఒత్తిడి వచ్చింది. బిషప్‌కు ఇబ్బంది కలగకూడదని 1946లో ఆమె గురువుగా పనిచేసే లైసెన్సును వదులుకున్నారు. అభిషేకాన్ని మాత్రం వదులుకోలేదు. లైసెన్సు లేకుండానే మళ్లీ ఒక సంఘాన్ని చూసుకోవటానికి వెళ్లారు, అక్కడ ఒక ప్రసూతి కేంద్రం పెట్టారు. హాంకాంగ్ డయాసిస్ ఆమెను తిరిగి గురువుగా గుర్తించటానికి పాతికేళ్లు పట్టింది.